చెయ్యి కట్టులో ఉంటే... కాళ్లకు సెలవెందుకు?

దెబ్బ తగిలేది ఒక్కచోట. విశ్రాంతి పేరుతో మంచమెక్కేది మాత్రం ఒళ్లంతా! ఆరు వారాలకు ఎముక అతుక్కుంటుంది. కానీ అప్పటికి మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే తొడల్లో వణుకు. అలా కాకూడదంటే కట్టు ఉన్నన్నాళ్లూ కాళ్లకు పని చెప్పాల్సిందే. మరి వారానికి ఎన్నిసార్లు? ఎంతసేపు? ఎక్కడ ఆగాలి?

వర్షం పడిన సాయంత్రం. మలుపులో బైకు జారింది. పెద్ద దెబ్బలేం లేవు గానీ పడేటప్పుడు చెయ్యి నేలకు ఆనించడంతో మణికట్టు ఎముక విరిగింది. ఎక్స్‌రే తీశారు, కట్టు కట్టారు. 'ఆరు వారాలు చెయ్యి కదపకూడదు' అన్నారు ఎముకల డాక్టరు.

ఇంటికి చేరేసరికి ఆ మాటలోంచి ఒక పదం జారిపోతుంది. 'ఆరు వారాలు కదపకూడదు' అన్నది కాస్తా 'ఆరు వారాలు కదలకూడదు' అయిపోతుంది!

'ఎక్కడికిరా లేస్తున్నావ్? ఎముక అతుక్కోవద్దూ!' అంటుంది అమ్మ. మంచం దగ్గరికే కాఫీ, మంచం దగ్గరికే అన్నం, వారానికి రెండుసార్లు మేక కాళ్ల సూపు. పలకరించడానికి వచ్చిన పెదనాన్న కూడా 'జిమ్ము లేదు గిమ్ము లేదు, హాయిగా పడుకో' అని చెప్పి వెళతాడు. ప్రేమకేం తక్కువ లేదు. ఆ ప్రేమ వల్ల నష్టపోయేది మాత్రం కాళ్లు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండే కుర్రాళ్లూ ఉన్నారు. భుజం నొప్పితో ఛాతీ, చేతుల కసరత్తులు బంద్ అయ్యాయి కాబట్టి ఆ కసినంతా కాళ్ల మీద చూపిస్తారు. వారానికి ఆరు రోజులూ కాళ్ల కసరత్తే. పది రోజులు తిరిగేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. ఒక దెబ్బ మానకముందే రెండోది!

ఈ రెండు దారుల్లో ఏదీ సరైంది కాదు. మధ్యలో ఓ దారి ఉంది.

మంచం చేసే చేటు

విశ్రాంతి అంటే మందులాంటిదనుకుంటాం. నిజమే, మందే. కాకపోతే మోతాదు మించితే ఏ మందైనా చెరుపే చేస్తుంది.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో వైద్యులు ఓ ప్రయోగం చేశారు. ఇరవై ఏళ్ల యువకులు అయిదుగురిని మూడు వారాలపాటు మంచానికే పరిమితం చేశారు. తర్వాత పరీక్షిస్తే, కష్టమైన పని చేసేటప్పుడు శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. అసలు సంగతి ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడింది. 1996లో ఆ అయిదుగురినే వెతికి మళ్లీ పరీక్షించారు. అప్పటికి వాళ్లకు యాభై దాటింది. ఒళ్లు పెరిగింది, జుట్టు నెరిసింది. అయినా ముప్ఫై ఏళ్ల వయసు తెచ్చిన నష్టంకన్నా ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది!

ఇక కండరాల సంగతి. నెదర్లాండ్స్‌లో ఆరోగ్యంగా ఉన్న యువకుల కాలికి కట్టు వేసి కదలకుండా ఉంచారు. అయిదు రోజులకే తొడ కండరం మూడున్నర శాతం తగ్గింది. బలం 9 శాతం పడిపోయింది. రెండు వారాలకు కండ 8 శాతానికి పైగా, బలం దాదాపు 23 శాతం పోయాయి. గమనించారా? కండ తగ్గేదానికంటే బలం తగ్గే వేగం ఎక్కువ. అంటే అద్దంలో చూసుకుంటే కాలు అలాగే కనిపిస్తుంది, మెట్టెక్కితే తెలుస్తుంది అసలు సంగతి.

'మాకు విరిగింది చెయ్యి, కాళ్లకు కట్టేం లేదుగా' అనొచ్చు. దానికీ జవాబుంది. కెనడాలో కొందరు పెద్దవాళ్లను రెండు వారాలపాటు తక్కువ నడవమన్నారు. మంచమెక్కమనలేదు, కట్టు వేయలేదు. రోజుకు సుమారు 1,400 అడుగులకు మించకుండా చూశారు, అంతే. ఇంట్లోనే ఉండి మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకు తిరిగేవాళ్లు వేసే అడుగులు దాదాపు అన్నే. ఆ రెండు వారాల్లోనే వాళ్ల కాళ్లలోని కండ దాదాపు 4 శాతం తగ్గింది.

మన ఒంట్లో పెద్ద కండరాలు ఉన్నది తొడలు, పిరుదుల్లోనే. తిన్న అన్నంలోంచి రక్తంలోకి చేరే చక్కెరను ఎక్కువగా వాడుకునేవీ కండరాలే. అందుకే మధుమేహం ఉన్నవాళ్లు చెయ్యి విరిగి కూర్చుంటే, చేతికి సంబంధం లేని చక్కెర కూడా పెరగడం మొదలవుతుంది.

వారానికి ఎన్నిసార్లు?

అసలు ప్రశ్న ఇదే. జవాబు చాలామంది అనుకునేదానికన్నా తేలిక. ఉన్న బలం పోకుండా ఉండాలంటే వారానికి ఒకసారి. బలం పెరగాలంటే రెండుసార్లు. మూడుసార్లకు మించి అవసరం లేదు.

ఒక్కసారితో ఏమవుతుందని తీసిపారేయకండి. అమెరికాలోని అలబామాలో 16 వారాలపాటు వారానికి మూడేసి రోజులు కొందరితో కాళ్ల కసరత్తు చేయించారు. తర్వాత 32 వారాలపాటు కొందరికి మోతాదు బాగా తగ్గించేశారు. వారానికి ఒక్క రోజు, అదీ ముందు చేసినదాంట్లో తొమ్మిదో వంతు మాత్రమే. అయినా 20-35 ఏళ్ల వయసు వాళ్లలో పెరిగిన కండ నిలిచే ఉంది. కండను సంపాదించడం కష్టం గానీ కాపాడుకోవడం తేలికన్నమాట.

ఆ పరిశోధనలోనే 60-75 ఏళ్ల వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో బలం చాలావరకు నిలిచింది కానీ, వారానికి ఒక్కసారితో కండ నిలవలేదు. కాబట్టి అరవై దాటినవాళ్లు వారానికి రెండుసార్లకు తగ్గకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలూ ఇదే చెబుతున్నాయి. పెద్దవాళ్లందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు చేయాలి. అరవై అయిదు దాటినవాళ్లకు అదనంగా తూలిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు కూడా ఉండాలి, వారానికి మూడు రోజులైనా.

రోజూ చేస్తే ఇంకా మంచిది కదా అంటారా? కండరం పెరిగేది కసరత్తు చేస్తున్నప్పుడు కాదు, తర్వాత విశ్రాంతిలో. గట్టిగా చేసిన కసరత్తుకు, మళ్లీ చేయబోయేదానికి నడుమ కనీసం 48 గంటలు ఉండాలి. పైగా ఈ సమయంలో శరీరం మరో పెద్ద పనిలో ఉంది. విరిగిన ఎముకనో, తెగిన కండరాన్నో అతికించుకుంటోంది. దానికీ శక్తి కావాలి, మాంసకృత్తులు కావాలి, నిద్ర కావాలి. రోజూ కాళ్లను అలసిపోయేలా చేస్తే ఆ పనికి అడ్డం పడటమే. అలసిన కాళ్లు తడబడతాయి కూడా. ఒక చెయ్యి జోలెలో ఉన్నవాడు తడబడితే పట్టుకోవడానికి మిగిలింది ఒక్క చెయ్యే!

వారం ఇలా నడిపించండి

దెబ్బ తగిలిన మొదటి మూడు నాలుగు రోజులు కసరత్తు మాట వద్దు. వాపు, నొప్పి ఉంటాయి. మందుల మత్తు ఉంటుంది. ఇంట్లోనే గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే చాలు. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేననేవరకూ ఆగాలి.

నొప్పి అదుపులోకి వచ్చి, రాత్రి సరిగ్గా నిద్ర పడుతున్నప్పటి నుంచి మొదలుపెట్టొచ్చు. ఉదాహరణకు సోమవారం, గురువారం కాళ్ల కసరత్తు. మిగతా రోజుల్లో ఇరవై ముప్ఫై నిమిషాల నడక. ఆదివారం పూర్తిగా సెలవు. కసరత్తు రోజు కూడా అరగంట చాలు.

అంతకుముందు కసరత్తు అలవాటు లేనివాళ్లు మొదటి వారం ఒక్కొక్కటి ఒక్క విడత, పదేసి సార్లు చేయాలి. రెండో వారం నుంచి రెండు విడతలు. జిమ్‌కు వెళ్లే అలవాటున్నవాళ్లు మూడు విడతల వరకూ చేయొచ్చు. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి ఓ చిన్న గుర్తు ఉంది. 'ఇంకో రెండు మూడు చేయగలను' అనిపించినప్పుడే ఆపేయాలి. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి చేసే చివరి రెండూ ఇప్పుడు వద్దు. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. తెలియకుండానే భుజాలూ చేతులూ బిగుసుకుని, కట్టులో ఉన్న చెయ్యి కూడా లాగుతుంది.

మర్నాడు, మూడోనాడు తొడలు పట్టేసినట్టు ఉండటం మామూలే. అది తగ్గేదాకా రెండోసారి మొదలుపెట్టకండి. గురువారానికి కూడా కూర్చుని లేవడం కష్టంగా ఉందంటే సోమవారం మోతాదు మించిందని అర్థం.

పనుల వల్ల ఒక వారం రెండోసారి కుదరలేదా? దిగులు పడక్కర్లేదు. ఒక్కసారైనా చేశారు కాబట్టి ఉన్నది పోదు. పోయింది కదా అని మర్నాడు రెట్టింపు చేయడమే తప్పు.

మాస్టారి శిక్షలే... మందు!

చెయ్యి వాడకుండా చేసే కాళ్ల కసరత్తులేమిటని వెతుక్కోనక్కర్లేదు. బళ్లో హోంవర్కు చేయనప్పుడు మాస్టారు వేసిన శిక్షలను గుర్తు చేసుకోండి. గోడకుర్చీ, గుంజీళ్లు. సరిగ్గా అవే!

కుర్చీలోంచి లేవడం: అన్నిటికన్నా ముందు ఇది. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. చేత్తో పట్టుకోకుండా నెమ్మదిగా లేవాలి, అంతకన్నా నెమ్మదిగా కూర్చోవాలి. పదిసార్లు తేలిగ్గా చేయగలిగితే తర్వాతి వాటికి వెళ్లొచ్చు.

గోడకుర్చీ: గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు కిందికి జారాలి. మోకాళ్లు పూర్తిగా మడవక్కర్లేదు, సగం చాలు. 20 నుంచి 30 సెకన్లు. మాట్లాడుతూనో, అంకెలు లెక్కపెడుతూనో చేస్తే ఊపిరి బిగబట్టడం ఉండదు.

గుంజీళ్లు: చెవులు పట్టుకోనక్కర్లేదు. కుర్చీ వీపునో కిటికీ ఊచనో మంచి చేత్తో తాకుతూ, మోకాళ్లు నొప్పి లేనంతవరకే కిందికి వెళ్లాలి. తాలింఖానాల్లో బస్కీల పేరుతో తరతరాలుగా చేయిస్తున్నవీ ఇవే.

మెట్టెక్కడం: ఒక్క మెట్టు మీద కుడికాలితో ఎక్కి దిగడం, తర్వాత ఎడమకాలితో. రెయిలింగ్ మంచి చేతివైపు ఉండేలా నిలబడాలి.

మునివేళ్ల మీద లేవడం: పిక్కలకు ఇంతకన్నా మంచి కసరత్తు లేదు. వంటింటి గట్టు పట్టుకుని చేయొచ్చు.

పడుకుని నడుము ఎత్తడం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులను పైకి లేపాలి. నేల మీద వద్దు, మంచం మీదే చేయండి. ఒంటి చేత్తో నేల మీంచి లేవడం కష్టం.

జిమ్‌కు వెళ్లేవాళ్లకు కాళ్లతో బరువు నెట్టే యంత్రం, మోకాలు చాపే యంత్రం, మడిచే యంత్రం, కదలని సైకిలు మంచివి. అయితే నెట్టే యంత్రానికి రెండు పక్కలా పిడులు ఉంటాయి. కష్టమైనప్పుడు చేతులు వాటంతటవే వాటిని లాగుతాయి. దెబ్బ తగిలిన చేతిని ఛాతీకి ఆనించి ఉంచుకోవాలి. బరువులు పెట్టే, తీసే పని కూడా మరొకరిదే.

వద్దనుకోవాల్సినవీ ఉన్నాయి. భుజాల మీద ఇనప కడ్డీ పెట్టుకుని తీసే గుంజీళ్లు భుజం నొప్పి ఉన్నవాళ్లకు పనికిరావు. కడ్డీని పట్టుకోవాలంటే భుజాన్ని బాగా వెనక్కి తిప్పాలి కాబట్టి కాళ్లకన్నా ముందు భుజమే అరుస్తుంది. నేల మీంచి బరువు లేపడం వద్దు, దాని బరువంతా వేలాడేది చేతుల మీదే. ఒక్క చేత్తో పెద్ద డంబెల్ పట్టుకుంటే నడుము ఓ పక్కకు ఒరుగుతుంది. మెడ ఎముక విరిగినవాళ్లకు పరుగు, గెంతులు కూడదు, ప్రతి అడుగు అదురూ అక్కడికి చేరుతుంది. కట్టు లోపల చెమట పడితే దురద, చర్మం పాడవడం మామూలే. కాబట్టి చల్లటి పూట, ఫ్యాను కింద చేయండి.

ఇంకో హెచ్చరిక. పందేలు కాసి ఒక్కసారే వందల కొద్దీ గుంజీళ్లు తీసేవాళ్లుంటారు. అలవాటు లేని ఒంటితో అలా చేస్తే కండరాలు చిట్లి, అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు ఎసరు పెట్టొచ్చు. కసరత్తు తర్వాత విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక చేతి సాధన... రెండో చేతికి లాభం!

ఇది కాస్త వింతగా అనిపిస్తుంది గానీ నిజం. కుడిచేత్తో కసరత్తు చేస్తే, ఏ పనీ చేయని ఎడమచేతికీ కొంత బలం వస్తుంది. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతిని ప్రయోగం చేసి చూపించాడు. తర్వాత వందేళ్లకు పైగా ఎన్నో పరిశోధనలు దాన్ని రుజువు చేశాయి. సాధన చేయని వైపు బలం సగటున 8 నుంచి 12 శాతం వరకూ పెరుగుతుందని వాటన్నిటినీ కలిపి చూసినవాళ్లు లెక్క తేల్చారు.

రహస్యం కండరంలో లేదు, మెదడులోనూ నరాల్లోనూ ఉంది. ఒక చెయ్యి బిగించమని మెదడు ఆజ్ఞ పంపినప్పుడు రెండో వైపు చేతిని నడిపే భాగమూ మేలుకుంటుంది. ఆ దారి మూసుకుపోకుండా ఉంటుంది. కెనడాలో మణికట్టు విరిగిన యాభై దాటిన మహిళల్లో కొందరికి మామూలు వైద్యంతో పాటు మంచి చేతికి పిడికిలి బిగించే కసరత్తు చేయించారు. 12వ వారంలో చూస్తే, విరిగిన చేతి పట్టు వాళ్లలోనే ఎక్కువగా ఉంది. 26 వారాలకు మిగతావాళ్లూ వాళ్లతో సమానమయ్యారు. అంటే చివరికి అందరూ ఒకే చోటికి చేరారు గానీ, వీళ్లు కాస్త ముందుగా చేరారు. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి, చపాతీ పిండి కలపడానికి ఎదురుచూసే మనిషికి ఆ కొన్ని వారాలు చిన్నవేం కాదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఈ లాభం కుడిచేతి నుంచి ఎడమచేతికి, కుడికాలి నుంచి ఎడమకాలికే. తొడల కసరత్తు చేస్తే చేతి కండ పెరుగుతుందని జిమ్‌లలో చెప్పే మాటను నమ్ముకోవద్దు. కాళ్ల కసరత్తు కాళ్ల కోసం, గుండె కోసం, మనసు కోసం. చేతి కోసమైతే మంచి చేతికి పని చెప్పాలి.

దెబ్బ కాలికే అయితే...

అప్పుడు లెక్క మారుతుంది. దెబ్బ తగిలిన కాలి మీద ఎంత బరువు మోపొచ్చో చెప్పాల్సింది డాక్టరే. కానీ ఆ కాలికి కూడా పూర్తి సెలవు ఉండదు. డాక్టరు ఒప్పుకుంటే, పడుకునే తొడ కండరాన్ని బిగించి అయిదు సెకన్లు పట్టి వదలడం, మోకాలు వంచకుండా కాలు పైకెత్తడం, కట్టు మడమ వరకూ లేకపోతే పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం... ఇవన్నీ తేలికపాటివి. అలసట తెప్పించవు కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు చేసినా ఫర్వాలేదు. 48 గంటల నియమం బరువైన కసరత్తుకే, వీటికి కాదు.

మంచి కాలికి మాత్రం వారానికి రెండు మూడుసార్లు అసలు కసరత్తు ఉండాలి. యంత్రం మీద ఒంటికాలితో చేయొచ్చు. దాని లాభం కొంత కట్టులో ఉన్న కాలికీ చేరుతుంది. ఊతకర్రలతో నడిచే రోజుల్లో ఒళ్లంతా మోసేది ఆ కాలే.

మన బ్యాడ్మింటన్ ఆటగాళ్లను చూడండి. 1990ల్లో మోకాలి గాయంతో ఆపరేషన్ బల్ల ఎక్కిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. సైనా నెహ్వాల్‌కు 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి ఆపరేషన్ జరిగింది. 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది, ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. ఇక పి.వి.సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కానీ ఎడమకాలి ఎముకలో చిట్లిన గాయం తేలడంతో అదే నెలలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా ఆటలో భాగమే.

బామ్మ సంగతేంటి?

ఇంట్లో ఇది అందరికన్నా ముఖ్యంగా పట్టించుకోవాల్సింది బామ్మ విషయంలో. అరవై దాటిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారి, బాత్రూములో కాస్త జారినా మణికట్టు విరుగుతుంది. 'పాపం పెద్దావిడ' అని మనవరాలు మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిస్తుంది. కోడలు వంటింట్లోకి రానివ్వదు. ఆరు వారాలకు చెయ్యి బాగవుతుంది. అప్పటికి కాళ్లు పట్టు తప్పి ఉంటాయి. ఈసారి పడితే విరిగేది మణికట్టు కాకపోవచ్చు, తుంటి. మణికట్టు విరిగినవాళ్లు నడుస్తూ ఇంటికొస్తారు. తుంటి విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. మళ్లీ మునుపటిలా నడవలేనివాళ్లెందరో.

అందుకే మణికట్టు విరిగిన పెద్దావిడకు మొదటి మందు చేతికైతే, రెండోది కాళ్లకు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. మూడు రోజులు గట్టు పక్కనే నిలబడి ఒంటికాలి మీద కొన్ని సెకన్లు నిలదొక్కుకోవడం. పక్కన ఒకరు ఉండి తీరాలి. రోజూ ఉదయం, సాయంత్రం వరండాలో నడక. మంచినీళ్లు ఆవిడనే వెళ్లి తాగనివ్వండి, వెనకాల మీరు నడవండి. బాత్రూములో పట్టుకోవడానికి ఓ కడ్డీ, కాళ్లకు జారని చెప్పులు, రాత్రిపూట చిన్న బల్బు... ఇవి కూడా వైద్యంలో భాగమే. మణికట్టు విరగడమన్నది ఎముకల బలహీనతకు తొలి హెచ్చరిక కావచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష గురించి డాక్టరును అడగండి.

పళ్లెంలో ఏముంది?

మేక కాళ్ల సూపు వేడిగా గొంతులోకి దిగుతుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఒక్క సూపుతో ఎముకా అతకదు, కండా నిలవదు. కావాల్సింది సరిపడా మాంసకృత్తులు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. అంటే అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గాయం మానుతున్నప్పుడు, కసరత్తు కూడా చేస్తున్నప్పుడు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకూ తీసుకోమంటారు పోషకాహార నిపుణులు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాములకు పైగా ఉంటాయి. వంద గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైనే. అన్నం ముద్దలో పలచటి చారు పోసుకుని తినే రోజుల్లో ఇది రాదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి గుడ్డో చేపో పనీరో, పెరుగు... ఇలా రోజంతా పంచుకుని తినాలి. బరువు పెరుగుతామన్న భయంతో ఈ ఆరు వారాల్లో తిండి తగ్గించడం తప్పు. సిగరెట్టు ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. దాన్ని మానడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

ఇలాగైతే ఆపేయండి

* కాళ్ల కసరత్తు చేస్తుంటే దెబ్బ తగిలిన చోట నొప్పి పెరిగితే, మర్నాటికీ తగ్గకపోతే.

* కట్టులో ఉన్న చేతి వేళ్లు వాచినా, చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా. ఇది వెంటనే డాక్టరుకు చూపించాల్సిన విషయం.

* ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదు.

* జ్వరం వచ్చినా, ఆపరేషన్ గాయం నుంచి చీము కారినా.

* కళ్లు తిరిగితే, గుండె దడ తగ్గకపోతే.

* నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప కసరత్తు చేయలేకపోతే. మాత్ర నొప్పిని దాస్తుంది, దెబ్బను కాదు.

కట్టు కట్టించుకుని వచ్చేటప్పుడు డాక్టరును ఒక్క ప్రశ్న అదనంగా అడగండి. 'ఏం చేయకూడదు?' అని అందరం అడుగుతాం. 'ఏం చేయొచ్చు?' అని కూడా అడగండి. ఆయన చెప్పే జాబితాలో నడక, కుర్చీ, మెట్టు ఉంటే చాలు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. ఆరు వారాలంటే పన్నెండుసార్లు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, కాళ్లను కాపాడుకునే పని మాత్రం మనదే!